ఉప్పాడ పడవల మీద అల్లుడి కబురు

ఇంజనీరింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో పెద్ద సక్సెస్ ఏదండి?" అని అడుగుతుంటారు. నాకు వెంటనే గుర్తొచ్చేది సక్సెస్ కాదు. ఉప్పాడ ఒడ్డున రాళ్ళ గట్టు మీద నిలబడి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ లంచ్ బాక్సును "ఒక్కసారి పలుకమ్మా" అని బతిమాలుకున్న ఒక ఉదయం. కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన నన్ను చూసి, పక్కాయనతో మెల్లగా ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు గాని, పక్కాయన లేచి మరికాస్త దూరంగా కూర్చున్నాడు.

నేను భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఆఖరి మూడేళ్ళలో మా డిపార్టుమెంటుకి ఢిల్లీ నుంచి ఒక ప్రాజెక్టు వచ్చింది. వేటకి వెళ్ళే పడవలకి ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఫోను సిగ్నల్ ఉండదు. తుఫాను వస్తోందన్నా, గాలి మారుతోందన్నా వాళ్ళకి కబురు అందదు. అందుకని ప్రతి పడవలో ఒక చిన్న వైర్‌లెస్ పెట్టె పెట్టాలి. ఒడ్డు నుంచి ఒక మాట పంపితే దగ్గరి పడవ విని, మళ్ళీ తను పలకాలి. దాని అవతలి పడవ విని అదీ పలకాలి. అలా మాట పడవ నుంచి పడవకి పాకుతూ చివరిదాకా పోవాలి. టవరు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. పడవలు ఎటు కదిలినా పర్వాలేదు, దగ్గర్లో ఇంకో పడవ ఉంటే చాలు.

కాగితం మీద ఇంత అందంగా ఉన్న పని నా జీవితంలో మరొకటి చూడలేదు.

పెట్టెలు తయారుచేసింది మా ల్యాబ్ టెక్నీషియన్ గారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. మాట తక్కువ, అన్న ఒక్క మాటా చురక అంటించినట్టే ఉంటుంది. ఉప్పునీళ్ళు దూరని డబ్బాలు కావాలంటే, బజారులో స్కూలు పిల్లల లంచ్ బాక్సులు, పడవలకి పద్దెనిమిది, ఒడ్డుకి రెండు, తెచ్చి వాటిలో సర్క్యూట్లు అమర్చారు. మూతల మీద కుందేళ్ళూ ఏనుగులూ ఉన్నాయి. "వేరే రంగులు లేవా అండి?" అన్నాను. "నీళ్ళు దూరకూడదన్నారు గాని, కుందేలు ఉండకూడదని అన్లేదు కదండి," అన్నారు.

ఇక మా హెడ్డు గారు. మంచి మనిషే. అయితే ఆయనకి ఏ పనైనా మొదలయ్యేది స్వాగతోపన్యాసంతో, ముగిసేది శాలువాతో. మధ్యలో జరిగేదాన్ని ఆయన "టెక్నికల్ పార్ట్" అనేవారు. అది నా వంతు.

కాలేజీ వరండాలో ఐదు పెట్టెలు వరుసగా పెట్టి చూశాం. ఈ చివర "హలో" అని పంపితే ఆ చివర పెట్టె కుయ్‌మని, దాని చిన్న తెర మీద "హలో" అని వచ్చింది. హెడ్డు గారు అప్పటికప్పుడే ఢిల్లీకి ఫోను చేసి, ప్రాజెక్టు విజయవంతమైందనీ వచ్చి చూడమనీ పిలిచేశారు. "ఐదుతో చూశామండి, పద్దెనిమిదితో చూడలేదు," అన్నాను. "ఐదు పలికితే పద్దెనిమిది పలకవా మాస్టారూ? ఇంకా బాగా పలుకుతాయి," అన్నారు.

నేను గట్టిగా కాదనలేకపోయాను. పిల్లలూ, నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటినీ ఒకచోట పోస్తే, సగానికి పైగా ఇలా గట్టిగా కాదనలేకపోయినవే ఉంటాయి.

ఇంకో రెండు తప్పులు కూడా నావే, అవీ చెప్పేస్తాను. మొదటిది, తెర మీద చోటు చాలదని పంపినవారి పేరు తీసేశాను. మాట వస్తుంది, ఎవరి దగ్గర్నుంచో తెలియదు. రెండోది జ్ఞాపకం సంగతి. ఒకసారి పలికిన మాటని పెట్టె మళ్ళీ పలకకూడదు కాబట్టి, విన్న మాటల్ని అది గుర్తుపెట్టుకోవాలి. నేను నాలుగు మాటలకే చోటు ఇచ్చాను. ఐదోది వస్తే మొదటిదాన్ని మర్చిపోతుంది. సముద్రం మీద ఒకేసారి అంతకంటే ఎక్కువ కబుర్లేముంటాయిలే అనుకున్నాను.

ఉప్పాడలో మాకు సాయపడింది ఒక సరంగు గారు, అంటే పడవ నడిపే పెద్ద. మిగతా పడవలవాళ్ళకి నచ్చజెప్పి పెట్టెలు పెట్టించింది ఆయనే. కాదు, ఆయన భార్య. ఆమె ఒడ్డున చేపలు కొని కాకినాడ తీసుకెళ్ళి అమ్మేది. ఆమె సరేనంటే ఆ వీధిలో సరే. ఒడ్డున ఉండే పెట్టె ఒకటి ఆమెకిచ్చి, ఫోనులో మాట కొట్టి పంపడం నేర్పాను. పది నిమిషాల్లో పట్టేసింది. మా ఫైనలియర్ వాళ్ళకి ఒక సెమిస్టరు పట్టింది.

ఢిల్లీ నుంచి ప్రాజెక్టు పరీక్షించే మేడమ్ గారు రానే వచ్చారు. నెరిసిన జుట్టు, కాన్వాస్ బూట్లు, చేతిలో నోటుబుక్కు. మా వాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. తెల్లవారుజామునే పదిహేడు పడవలు వేటకి వెళ్ళిపోయాయి. ఉదయం తొమ్మిదింటికి సరంగు గారి పడవలో మేడమ్ గారినీ హెడ్డు గారినీ ఎక్కించాం. ఒడ్డున నేనూ టెక్నీషియన్ గారూ ఉండిపోయాం. ఏర్పాటు ఏమిటంటే, పడవ సిగ్నల్ దాటిపోయాక నేను ఒడ్డు నుంచి హెడ్డు గారు రాసిన స్వాగత సందేశం పంపాలి. మేడమ్ గారు నడిసముద్రంలో దాన్ని తెర మీద చదవాలి.

ఆ సందేశం "ఉత్తుంగ తరంగ సంగీత నిలయమైన" అని మొదలై, పదకొండు వరుసలు నడిచింది. తెర మీద పట్టేది రెండు వరుసలు. "కుదించండి సార్" అంటే, "మీరు పెట్టెను పెంచండి," అన్నారు. దాంతో సందేశాన్ని ఏడు ముక్కలుగా కోసి పంపేలా, అవతల ఏడూ అందాక కలిపి చూపేలా ముందురోజు ప్రోగ్రాం మార్చాను. పిల్లలూ, పరీక్షకి ముందురోజు ప్రోగ్రాం మార్చకండి. ఇది నేను ముప్పై ఏళ్ళపాటు క్లాసులో చెప్పిన మాటే.

సమయం చూసుకుని మీట నొక్కాను. పెట్టె కిర్రుమంది. పక్కనే బుట్ట మీద కూర్చున్న సరంగు గారి భార్య తన ఫోను తీసి, ఆమె కూడా ఏదో కొట్టింది.

"ఏం పంపారమ్మా?" అన్నాను.

"మా అల్లుడొచ్చాడు బాబూ, ఇప్పుడే దిగాడు. చందువా చేపలు పడితే వేలంపాటలో పెట్టకండి, ఇంటికి ఉంచండి అని మా ఆయనకి చెప్పాలి కదా. అంతా కొడితే పట్టలేదు. 'అల్లుడొచ్చాడు చందువాలు అమ్మకండి' అని కొట్టాను. చివర రెండక్షరాలు మిగిలిపోయాయి. సరేలెమ్మని 'అండి' తీసేసి 'అమ్మకు' అని పెట్టాను. ఆయనేం అనుకోడులెండి."

అక్కడి నుంచి జరిగింది నాకు తర్వాత అర్థమైంది. మీకు ముందే చెబుతాను. నా సందేశం ముక్క ఒకటి ఒడ్డు దాటగానే దగ్గర్లో ఉన్న ఆరేడు పడవలూ ఒకేసారి విన్నాయి. ఒకేసారి పలికాయి. పెళ్ళిలో అందరూ ఒక్కసారి మాట్లాడితే ఏమవుతుందో అదే అయింది, ఎవరి మాటా ఎవరికీ అందలేదు. ఏడు ముక్కల్లో మూడో నాలుగో పోయేవి. అందుకని స్వాగతం ఎక్కడా పూర్తికాలేదు, తెర మీదికి రాలేదు. అల్లుడి కబురు మాత్రం ఒకే ముక్క. సందు చూసుకుని దూరిపోయింది. పైగా, ఈ ఏడు ముక్కలు వచ్చిపడి పెట్టెల జ్ఞాపకాన్ని నింపేయడంతో, అల్లుడి సంగతి విన్న పెట్టే దాన్ని మర్చిపోయేది. పక్క పడవ నుంచి మళ్ళీ వినగానే కొత్త వార్తనుకుని మళ్ళీ పలికేది. దాని నుంచి ఇంకోటి. అలా ఉప్పాడ సముద్రం మీద పద్దెనిమిది లంచ్ బాక్సులు అల్లుడొచ్చాడని ఒకదానికొకటి ఆగకుండా చెప్పుకుంటూ కూర్చున్నాయి.

పడవలో జరిగింది సరంగు గారు చెప్పారు. పెట్టె కుయ్‌మనగానే హెడ్డు గారు లేచి నిలబడి, తెర మేడమ్ గారికి చూపించారట. చూపించాక తను చదివారట.

"What does it say?" అని మేడమ్ గారు అడిగారు.

"It is a welcome, madam," అన్నారు హెడ్డు గారు.

మళ్ళీ కుయ్‌మంది. మళ్ళీ అదే. "Second welcome, madam." మూడోసారి. "Our people are very hospitable, madam."

సరంగు గారు చుక్కాని పట్టుకుని, "అది మా ఆవిడండి," అని చెప్పబోతే, హెడ్డు గారు ఆయన కాలు తొక్కారట. పాపం, బూటుకాలితో.

ఒడ్డున నాకు ఇవేవీ తెలియవు. నా పెట్టెలో కిర్రుకిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతలో టెక్నీషియన్ గారు ఫోను చూసి, "మాస్టారూ, వాతావరణం వాళ్ళది మెసేజీ వచ్చిందండి. గాలివాన. గంటలో అంటున్నారు," అన్నారు.

తూర్పు దిక్కున మబ్బు సిరా ఒలికినట్టు ఉంది. హెడ్డు గారి నంబరుకి చేశాను, అందుబాటులో లేరంది. సిగ్నల్ లేనిచోటికి ఏరికోరి పంపింది నేనే కదా. వెంటనే పెట్టెలో "గాలివాన వెనక్కి రండి" అని కొట్టి నొక్కాను. అది పోలేదు. ఆ పెట్టెకి నేను నేర్పిన మర్యాద ఏమిటంటే, ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళు ముగించేదాకా ఆగాలి. అక్కడ ఎవరూ ముగించడం లేదు. అది మర్యాదగా ఆగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఆగింది. ముందు చెప్పాను చూడండి, బతిమాలడం, అది అప్పుడే.

నవ్వులాటగా చెబుతున్నాను గాని, ఆ పది నిమిషాలూ నేను ఆ మీట నొక్కుతూనే ఉన్నాను. ఏ కబురు అందడం కోసం ఈ పెట్టెలన్నీ చేశామో, సరిగ్గా ఆ కబురు అందకుండా అవే అడ్డం పడ్డాయి. సముద్రం మీద పద్దెనిమిది పడవల మనుషులున్నారు. వాళ్ళకి మబ్బులు చూడటం తెలుసు, నిజమే. అయితే ఈ వేళ ఒడ్డు నుంచి చెబుతామని మేం మాట ఇచ్చాం. మా మాట నమ్మి ఒక్కరు అక్కడే ఆగిపోయినా ప్రాణం మీదికొస్తుంది.

"ఏమైంది బాబూ?" అంది సరంగు గారి భార్య. చెప్పాను. ఆమె నా పెట్టె వైపు ఒకసారి చూసింది. లేచి, గట్టు వెనక ఇంటి ముందు తాడు మీద ఆరేసిన ఎర్రచీర లాక్కొచ్చి, అన్నిటికంటే ఎత్తైన రాయి ఎక్కి, రెండు చేతులతో ఊపడం మొదలుపెట్టింది.

అది చూసి చుట్టుపక్కల ఆడవాళ్ళు పదిమంది చీరలూ తువాళ్ళూ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆమె కసిరింది. "మీరందరూ ఎందుకే? ఇంతమంది ఊపితే తీర్థం జరుగుతోందనుకుంటారు. దిగండి, దిగి ఊరుకోండి."

వాళ్ళు దిగిపోయారు. ఎర్రచీర ఒక్కటే మిగిలింది.

దగ్గరి పడవలో ఒకతను లేచి నిలబడ్డాడు. తెడ్డుకి పసుపుపచ్చ రెయిన్‌కోటు తగిలించి అవతలివైపుకి తిరిగి ఊపాడు. వాడి పక్కనే ఇంకో పడవ ఉంది. అందులోవాళ్ళు కూడా చీర చూశారు, చూసినట్టు తెలుస్తోంది, పడవ తిప్పుతున్నారు. చేతులు మాత్రం ఎత్తడం లేదు.

"వాళ్ళు ఊపరేంటమ్మా?" అన్నాను కంగారుగా.

"వాళ్ళెందుకు ఊపుతారు బాబూ? పక్కోడు ఊపుతున్నాడు కదా. అవతలోళ్ళకి వాడు కనపడుతున్నాడు కదా. వాడు కూడా కనపడనంత దూరంలో ఎవరైనా ఉంటే, ఆ చివరన ఉన్నోడు ఊపుతాడు. అందరూ చేతులు ఊపుకుంటూ కూర్చుంటే పడవలు తిప్పేదెవరండి?"

నేను లెక్కపెట్టాను. ఒడ్డు నుంచి నాకు కనిపించినంతవరకు ఊపినవాళ్ళు నలుగురు. వాళ్ళ అవతల ఎవరు ఊపారో తెలియదు. కాసేపటికి నాకు కనపడే పడవల ముక్కులన్నీ ఒడ్డు వైపుకి తిరిగాయి, కనపడనివి కూడా ఒకటొకటిగా వెనక తేలాయి. టెక్నీషియన్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈవిడ ప్రోగ్రాం బాగుంది కదండి," అన్నారు.

గాలివాన వచ్చేసరికి అందరూ ఒడ్డెక్కేశారు. మేడమ్ గారు తడిసిపోయారు, నోటుబుక్కు జాకెట్లో దాచుకున్నారు. హెడ్డు గారు తడవడమే కాదు, వాంతులు కూడా చేసుకుని, టెక్నికల్ పార్ట్‌లో ఇంత ఉంటుందని తనకి తెలియదన్నట్టు నా వైపు చూశారు.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. చేపల పాటకి వచ్చిన కాకినాడ వ్యాపారి రేకుల షెడ్డులో అటూ ఇటూ తిరిగి, "చందువాలు ఏవండి? ఒక్కటీ లేదేంటి?" అన్నాడు. ఏ పడవని అడిగినా ఒకటే జవాబు, ఇంటికి ఉంచేశాం అని. "ఈ వేళ ఊరందరికీ అల్లుళ్ళొచ్చారా?" అన్నాడతను.

"ఆయ్, అలాగే కబురొచ్చిందండి," అన్నాడు ఒక పడవతను.

ఇళ్ళలో చూస్తే అల్లుళ్ళు లేరు. కూతుళ్ళకి ఇంకా పెళ్ళికాని వాళ్ళు సైతం చందువాలు దాచారు, ఏం సంబంధం కుదిరిందో అనుకుంటూ. ఒకతనికి అసలు పెళ్ళే కాలేదు. నువ్వెందుకు దాచావని అడిగితే, "'చందువాలు అమ్మకు' అని వచ్చింది కదండి. అల్లుడు లేడు గాని అమ్మ ఉంది కదా. ఆవిడకి ఇచ్చేశాను," అన్నాడు. వాళ్ళమ్మ అప్పటికే కూర పొయ్యి మీద పెట్టేసింది.

హెడ్డు గారు మేడమ్ గారిని వ్యాను వైపు తీసుకుపోబోయారు. ఆవిడ కదల్లేదు. సరంగు గారి భార్య దగ్గరికి వెళ్ళి, శుభ్రమైన తెలుగులో, "అల్లుడు ఏం చేస్తుంటాడమ్మా?" అని అడిగారు.

హెడ్డు గారి మొహం నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాను.

"మాది బరంపురమండి. మా ఇంట్లో అందరం తెలుగే," అన్నారు మేడమ్ గారు హెడ్డు గారితో. "మూడో స్వాగతం నాకు బాగా నచ్చింది." తర్వాత నాకేసి తిరిగి, "ఆ చీర సంగతి మీరు చూశారా?" అన్నారు.

"చూశానండి."

"అది రాయండి. ఆరు నెలల్లో మళ్ళీ వస్తాను," అన్నారు.

అదే రాశాను. మాట వినగానే పలకొద్దు, కాస్త ఆగు. ఎంత దగ్గర నుంచి విన్నావో అంత ఎక్కువసేపు ఆగు, దూరాన ఉన్నవాణ్ణి ముందు పలకనివ్వు. ఆగినంతసేపూ విను. అదే మాట ఇంకో ఇద్దరు పలికేశారా, నువ్వు నోరు మూసుకో. ఇంతే. పెద్ద పెద్ద పత్రికల్లో ఇలాంటి పద్ధతుల మీద పేజీలకి పేజీలు సూత్రాలున్నాయి. నేను ఎప్పుడో చదివాను, క్లాసులో చెప్పాను, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను. నా పెట్టెలో మాత్రం పెట్టలేదు. ఐదు పెట్టెలతో పనిచేసింది కదా అని. వాటితోపాటు పంపినవారి పేరుకి చోటిచ్చాను, జ్ఞాపకం పెంచాను. "అండి"కి కూడా చోటు చేశాను.

రెండోసారి మేడమ్ గారు వచ్చినప్పుడు హెడ్డు గారు పడవ ఎక్కలేదు. ఒడ్డునే ఉండి, స్వాగతం ఒక్క ముక్కలో, "నమస్కారం" అని పంపారు. పక్కనున్న పెట్టె ఒక్కసారి కుయ్‌మని ఊరుకుంది. రెండు నిమిషాలు గడిచాయి. సముద్రం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఒక్కసారే మోగిందేంటండి? పాడైపోయిందా?" అన్నారు హెడ్డు గారు.

"అన్ని పడవలకీ అందిందండి," అన్నారు టెక్నీషియన్ గారు తన లాప్‌టాప్ చూస్తూ. "పద్దెనిమిదిలో ఆరే పలికాయి. మిగతావి విని ఊరుకున్నాయి. మన స్టాఫ్ మీటింగులకి కూడా ఇది పెట్టొచ్చేమో చూడండి మాస్టారూ."

మేడమ్ గారు సంతకం పెట్టారు. శాలువా హెడ్డు గారికే దక్కింది. మరి నేను సక్సెస్ అని చెప్పుకోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను, సరంగు గారి భార్య నన్ను పక్కకి పిలిచేదాకా.

"మునుపటిదే బాగుందండి మాస్టారూ," అంది.

"అదేంటమ్మా? అప్పుడు కబుర్లేవీ సరిగా పోలేదు కదా."

"అప్పుడు నా మాట నలభైసార్లు మోగింది. వినపడలేదనడానికి ఆయనకి ఆస్కారం లేదు. ఇప్పుడు ఒక్కసారి కుయ్‌మని ఊరుకుంటోంది. ఏం చెప్పినా తేవడం లేదు. ఏమయ్యా అంటే, వలలు లాగే గొడవలో వినపడలేదంటున్నాడు. అందిందో లేదో నాకెలా తెలుస్తుంది?"

అందిందని జవాబు వచ్చేలా పెట్టొచ్చు గాని, పద్దెనిమిది పడవలూ ఒకేసారి జవాబు చెబితే మళ్ళీ మొదటి రోజు గొడవే అవుతుందని ఆమెకి వివరించబోయాను.

"మిగతా పదిహేడు మందితో నాకేం పని బాబూ?" అంది.

భీమవరం చేరగానే ఆ మాటనే ప్రోగ్రాంగా రాశాను. రిటైరయ్యే ముందు నేను రాసిన ఆఖరి ప్రోగ్రాం అదే. ఎవరి పేరు మీద కబురు వచ్చిందో వాళ్ళ పెట్టె మాత్రమే, పక్కనున్న మీట నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. నొక్కగానే "అందింది" అని పంపినవాళ్ళకి ఒక్కళ్ళకే వెళుతుంది.

పది రోజుల తర్వాత నాకు ఫోను వచ్చింది. వెనకాల ఇంజను చప్పుడు, కెరటాల చప్పుడు. సిగ్నల్ ఉన్నచోటికి ప్రత్యేకంగా వచ్చి చేస్తున్నట్టున్నారు.

"మాస్టారూ, నేనండి, సరంగుని. ఆ మీట మీరే పెట్టారంటండి?"

"అవునండి. బాగా పనిచేస్తోందా?"

ఆయన ఇంజను ఆపేశారు.

"పాతికేళ్ళ కాపురమండి," అన్నారు. "ఇన్నాళ్ళూ వినపడలేదంటే సరిపోయేది. మీకు నేనేం అపకారం చేశానండి?"